తిరగలి రాళ్లు కట్టిన ట్రాక్టరు

చేతిలో డిప్లొమా కాగితం ఉంటే చాలు, లోకంలోని ప్రతి యంత్రమూ మన మాటే వింటుందనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాకు సరిగ్గా ఆ వయసే. తొంభైల చివర్లో బెజవాడ పటమటలో గది తీసుకుని, ఓ ట్రాక్టర్ల షెడ్డులో ఆర్నెల్లు నట్లు బిగించి (నిజానికి టీలు తెచ్చిందే ఎక్కువ, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు) పెద్ద ఇంజినీరునైపోయానని తిరుగుతుండేవాణ్ణి. అందుకే తుపాను వెలిశాక చల్లపల్లి అవతల ఊరినుంచి బావ ఫోన్ చేసి, "ఒరేయ్, కాలవకి గండిపడి చెరువు దారంతా బురద మేటేసింది, చేపల లారీ వచ్చే వీల్లేదు, నీకేమైనా తోస్తుందా?" అనగానే, "నే వస్తున్నా బావా, నువ్వు లారీకి చెప్పేసుకో" అనేశాను.

తీరా వెళ్లి చూస్తే దారొక్కటే కాదు, చేపలకే ముప్పొచ్చింది. మూడ్రోజులుగా ఎండ లేక బావ చెరువులో చేపలు గాలాడక పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఆ రోజే వలేసి పట్టి ఐసులో పెట్టి పంపకపోతే ఏడాది పంటా పోయినట్టే. ఐసు లారీయేమో తారు రోడ్డు మీద ఆగిపోయింది. మధ్యలో అర కిలోమీటరు దారి, మోకాలి లోతు బురద. బావ దగ్గరో పాత చిన్న ట్రాక్టరుంది. పాత పీపా కోసి, ఆ రేకుని దాని ముందు పలకలా బిగించి బురద తోయించబోయాను. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి నా కొత్త చొక్కా నిండా బురద చిమ్మాయి. "బరువు చాల్లేదు బావా, వెనక చక్రాలకి బరువులు కట్టాలి" అన్నాను. ఇనుము కోసం బెజవాడ వెళ్లొచ్చేసరికి చేపలుండవు. అప్పుడు కనపడింది, వసారా మూల తిరగలి. గుండ్రటి రాళ్లు రెండు, రెంటికీ మధ్యలో చిల్లు. నా కోసమే చేయించి పెట్టినట్టున్నాయి.

"ఏంటీ, తిరగలి బండి చక్రానికి కడతావా? మతుండే మాట్లాడుతున్నావా అబ్బాయ్?" అంది అత్తయ్యగారు, అంటే మా అక్కకి అత్తగారు. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మి, ఆ చెరువు తవ్వించిన మనిషి. ఊళ్లో అందరూ మిక్సీలు కొనుక్కున్నా ఆవిడ మాత్రం పుట్టింటినుంచి తెచ్చుకున్న ఆ తిరగలిని వదల్లేదు. అక్క నాకేసి నోర్ముయ్యమన్నట్టు చూసింది. అత్తయ్యగారు చెరువు వైపు కాసేపు చూసి, "సరే తీసుకుపో. చేపలే పోతే ఇంక విసురుకోడానికేముంది" అంది.

పొడుగు బోల్టులు దోపి, ఇనప పట్టీలేసి, పై రాయి కుడి చక్రానికి, కింద రాయి ఎడమ చక్రానికి బిగించాను. స్టార్ట్ చేశాను. ఎడమ చక్రం పట్టుకుంది. కుడిది మాత్రం తిరుగుతూనే ఉంది, బండి ముందుకి పోకుండా చెరువు కేసి జారడం మొదలెట్టింది! "క్లచ్చి ప్లేటు పోయింది" అన్నాను. కాసేపాగి డీజిల్ని తిట్టాను. (ఇంజినీర్ల పద్ధతే అంత, ముందు పక్కవాటి మీదకి తోసెయ్యాలి.) గట్టు మీద కూర్చుని చూస్తున్న అత్తయ్యగారు లేచొచ్చి, "పై రాయి అరిగిపోయి పల్చబడిందయ్యా. నలభై ఏళ్లు ఈ చేత్తో తిప్పాను, నాకు తెలీదూ? అది కింద రాయితో తూగదు" అంది. నేను నోరు తెరిచేలోపే చీర కుచ్చిళ్లు దోపుకుని, కుడివైపు మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చుంది. "ఇప్పుడు పోనీ. తక్కువైంది నేను తూగుతాలే."

"అమ్మా, పడతావే!" అని బావ అరిచాడు.

"పడితే లేస్తాను. నువ్వెళ్లి వలెయ్యి!"

మీరు నమ్మరు, బండి బురదని పక్కకి తోసుకుంటూ కదిలింది. ఆవిడ నోట్లో ఆకూ వక్కా నములుతూ, ఓ చేత్తో నా సీటు పట్టుకుని, "మెల్లిగా, అక్కడ గుంటుంది... ఆఁ, ఇప్పుడు కొట్టు" అంటూ అర కిలోమీటరూ దారి చూపించింది. అబ్బ, ఏం మనిషండీ! పొద్దుగూకకముందే లారీ గట్టు దాకా వచ్చింది, చేపలు ఐసులో పడ్డాయి. ఊరంతా చుట్టూ మూగితే నేను చొక్కా కాలరు సర్దుకుని, "నా డిజైనే అంత" అన్నాను. అత్తయ్యగారు పక్కనే ఉంది. "అవునవును, మా అబ్బాయి బుర్రే బుర్ర" అంది, నవ్వనైనా నవ్వకుండా. రాళ్లు కడుక్కుని ఒకదాని మీదొకటి పెట్టుకుని, గుప్పెడు మినుములు పోసి తిప్పి చూసుకుని, అప్పుడు లోపలికెళ్లి నాకు అన్నం వడ్డించింది.

ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది. చక్రాల బరువులు పోత పోయించి అమ్ముతాను. ప్రతి జతనీ కాటా మీద పెట్టి, రెండూ సమంగా తూగాకే బయటికి పంపుతాను. "ఇంత పట్టింపు ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని అడుగుతారు. మా అత్తయ్యగారి దగ్గరని చెబుతాను. ఆ సాయంత్రం అంతమందిలో చెప్పాల్సిన మాట అదే. ఆవిడ పోయాక ఇప్పుడు, వచ్చిన ప్రతివాడికీ చెబుతున్నాను.