పెట్రోలు చప్పుడు

ఉన్న డబ్బుల్లోనే నాన్న పాత మోటారుసైకిలుకి ఎల్‌ఈడీ లైటు, సెకండ్‌హ్యాండ్ డిజిటల్ మీటరు పెట్టించాను. మీటరులో పెట్రోలు గీతలు వెలగగానే, మంచి పనే చేశానా అని సందేహం పట్టుకుంది.

మీకు గుర్తుందా, అప్పట్లో బండిని ఊపి, ట్యాంకుకి చెవి ఆనించి, పెట్రోలు ఉందో లేదో వినేవాళ్లం? మా ఇంట్లో ఆ ఉద్యోగం నాది. చెంపకి చల్లటి రేకు, ముక్కునిండా పెట్రోలు వాసన.

ఓ ఆదివారం కళింగపట్నం సముద్రానికి బయల్దేరుతుంటే లోపల చప్పుడే లేదు. నిజం చెబితే ప్రయాణం ఆగిపోతుందని, "శానా ఉన్నాది నాన్నా" అనేశాను.

సముద్రం ఇంకా రెండు కిలోమీటర్లుందనగా బండి ఆగిపోయింది. నాన్న ట్యాంకు ఊపి చూసి, నావైపు తిరిగారు.

"ఏటే, నువ్విన్నది పెట్రోలా, సముద్రమా?"

ఆయన నవ్వి, నన్ను సీటు మీద కూర్చోబెట్టి, బండిని సముద్రం వైపే తోయడం మొదలుపెట్టారు.