ముందుకే నడిచే వెల్టర్‌వెయిట్

దానియేలును నేను మొదటిసారి చూసింది పోయిన ఎండాకాలం, హైదరాబాద్‌లోని ఒక ఇండోర్ స్టేడియంలో. ఆ రోజు అతను ఓడిపోయాడు. గంట మోగినప్పటి నుంచీ ఎదుటివాడి మీదికి నడుస్తూనే ఉన్నాడు. ఎదుటివాడు వెనక్కి జరుగుతూ, పొడవాటి చేతులతో తాకించి తప్పుకుంటున్నాడు. జడ్జీలు ఆ తాకిళ్లకే మార్కులు వేశారు. నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, "మీదికి పోవుడు, దెబ్బలు తినుడు. గంతే. వానికి ఆట రాదు" అని తేల్చేశాడు.

నాకు అలా అనిపించలేదు. కాలేజీ రోజుల్లో బాక్సింగ్ ఆడి, ముక్కు విరగ్గొట్టుకుని మానేసినవాణ్ణి నేను. ఆడటం మానేశాక చూడటం, చూసింది రాయడం అలవాటయ్యాయి. ఇంటికొచ్చాక కూడా ఆ మనిషి పాదాలే కళ్లలో మెదిలాయి. ఒక్కసారీ అవి తొందరపడలేదు. అరవై ఆరు కిలోల చిల్లర బరువుండే ఈ వెల్టర్‌వెయిట్ విభాగంలో మన దేశంలో చురుకైనవాళ్లకూ పొడగరులకూ కొదవ లేదు. వాళ్ల మధ్య ఇలా మీదపడి ఊపిరాడనివ్వకుండా ఆడేవాడికి దారి ఉందా? ఆదివారం మిర్యాలగూడలో అతని పోటీ ఉందని తెలియగానే ఒకరోజు ముందే బయలుదేరాను. సూర్యాపేటలో అతను నేర్చుకునే చోటు, కోదాడలో అతనుండే ఇల్లు చూసి వెళ్లాలని నా ఆలోచన.

శనివారం పొద్దున ఏడింటికి ఎల్బీ నగర్‌లో బస్సెక్కాను. కిటికీ పక్క సీటులో మోతెకు వెళ్లే ఒక పెద్దామె కూర్చుంది. గొర్లు కాసుకునే ఇల్లు వాళ్లది, కూతుర్ని చూసి తిరిగి వెళ్తోంది. నేనెక్కడికని అడిగితే బాక్సింగ్ గురించి చెప్పాను.

"ఎందుకు కొట్టుకుంటరు బిడ్డా, భూమి పంచాయితా?"

"కాదమ్మా. ఒకరికొకరు తెలియను కూడా తెలియదు."

"ఎరుక లేకుంటనే కొట్టుకుంటరా?" అని కాసేపు ఆలోచించింది. "కొట్టుకున్నంక ఏం చేస్తరు?"

"కౌగిలించుకుంటారు."

ఆమె నన్ను అనుమానంగా చూసి సంచిలోంచి జామకాయ తీసి ఇచ్చింది. 

పదింటికి సూర్యాపేటలో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని, ఆటోలో హైవే పక్కనున్న షెడ్డుకు వెళ్లాను. ముందు భాగంలో లారీ బాడీలు కడతారు. వెనక సగం దానియేలు కోచ్ వెంకన్న సార్ కిరాయికి తీసుకున్నారు. ఆయన సర్కారు బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు. టార్పాలిన్ సంచుల్లో పాత గుడ్డలు కుక్కి దూలాలకు వేలాడదీశారు. రింగు లేదు. నేల మీద సున్నంతో గీసిన చతురస్రమే రింగు.

"మీదపడి ఆడుడంటే ఏందో రాస్తె తెల్వది సార్. జర గిట్ల రాండ్రి" అని నన్ను ఆ గీతల మధ్య నిలబెట్టారు. ఆయన నా వైపు నడిచారు, అంతే. చేతులు ఎత్తలేదు. నేను ఎడమకు జరిగాను. ఆయన కాలు అప్పటికే అక్కడుంది. కుడికి తిరిగితే భుజం అడ్డమొచ్చింది. వెనక్కి రెండడుగులు వేసి చూసుకుంటే మూలలో ఉన్నాను. ఆయన వయసు అరవైకి దగ్గర. అయినా ఎటూ తప్పుకోలేకపోయాను.

"ఉరుకుతె దొరకరు సార్. తొవ్వలు మూసుకుంట పోవాలె. దానియేలుకు నేను నేర్పింది గదొక్కటే. మిగిలింది వాడే నేర్చుకున్నడు."

టీ తాగుతూ రేపటి సంగతి చెప్పారు. నిర్వాహకుడు రాజశేఖర్ హైదరాబాద్‌లో పెరుగుతున్న కుర్రాడు ఫర్హాన్ కోసమే ఈ పోటీ పెట్టాడు. ఫర్హాన్ ఇప్పటిదాకా ఓడిపోలేదు. గెలిచినవాణ్ణి ఢిల్లీలో పెద్ద పోటీకి పంపుతానని రాజశేఖర్ మాటిచ్చాడు. "మావోడు గెలుస్తడని పిలువలే సార్, ఓడుతడని పిలిచిన్రు. వానికి ముప్పై దగ్గరపడ్డయి. రేపు ఓడితే ఇగ ఎవలు పిలుస్తరు? పిలిచినా నేను పంప. గిట్ల ఆడేటోనికి ఒళ్లు తొందరగ అరుగుతది."

మధ్యాహ్నం బస్సులో కోదాడ చేరేసరికి రెండయింది. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది గానీ, హైవే లారీల హారన్లకు తలుపు కూడా అదురుతుంది. వెళ్లేవాళ్లు వెనకవైపు గది అడగండి.

దానియేలు ఇల్లు అక్కడికి నడక దూరమే. రెండు గదుల అద్దె ఇల్లు. దగ్గరగా చూస్తే అతను నేననుకున్నదానికన్నా పొట్టి, మెడ మాత్రం దుక్కలా ఉంది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు లారీలకెక్కించే పని. భార్య కరుణ దవాఖానలో నర్సు. మర్నాడు పొద్దున తూకం ఉంది కాబట్టి అతను మధ్యాహ్నం అన్నం తినలేదు. గ్లాసులో నీళ్లు పెట్టుకుని నాలుక తడుపుకుంటున్నాడు. ఆమె కూడా తినకుండా కూర్చుంది.

ఇలా ఎందుకు ఆడతావని అడిగాను.

"నా చేతులు పొట్టియి సార్. దూరంగా నిలబడితే నా చేతులకు పనుండదు. దగ్గరికెళ్తే వాళ్ల చేతులకు పనుండదు. అంతే సార్, ఇంకేం లేదు."

"మరి వెళ్లేలోపు తగిలే దెబ్బలు?"

అతను భార్య వైపు చూశాడు. ఆమె కొంగు సర్దుకుని, "ఈయన ఆట నేనింతవరకు చూడలేదండి. ఇంటికొచ్చిన మొఖమే చూశాను. రేపు సెలవు పెట్టాను, వస్తన్నాను" అంది.

ఆదివారం పొద్దున ఆరింటికి ముగ్గురం హుజూర్‌నగర్ మీదుగా వెళ్లే బస్సెక్కాం. కాలువ కింద పొలాలన్నీ నాట్లు వేసి ఉన్నాయి. దానియేలు సీటుకు తల ఆనించి నిద్రపోయాడు. కరుణ మాత్రం దారంతా అతని చేతిని తన ఒళ్లో పెట్టుకుని, వేళ్ల కణుపుల్ని ఒక్కొక్కటే నిమురుతూ కూర్చుంది. అది ప్రేమో పరీక్షో నేను చెప్పలేను.

మిర్యాలగూడ దగ్గరపడిందని రైస్ మిల్లుల ఊక వాసనే చెబుతుంది. పోటీ ఒక ఫంక్షన్ హాలులో. పెళ్లిపీటలు వేసే చోట రింగు కట్టారు. తూకం మిషన్ ఏదో మిల్లు నుంచి తెప్పించినట్టుంది, దాని సందుల్లో ఇంకా బియ్యపు గింజలున్నాయి. ఇద్దరూ బరువులో సరిపోయారు. దానియేలు మూలన కూర్చుని పెరుగన్నం, అరటిపళ్లు తిన్నాడు. వెంకన్న సార్ అప్పటికే సూర్యాపేట నుంచి వచ్చేశారు.

పదకొండు దాటాక గంట మోగింది. ఆరు రౌండ్ల ఆట. ఫర్హాన్ పొడగరి, చూడముచ్చటైన ఆటగాడు. మొదటి రెండు రౌండ్లలో అతని ఎడమచేయి దానియేలు నుదుటిని ఎన్నిసార్లు తాకిందో. హాలంతా ఈలలు. కరుణ నా పక్కనే ఉంది. మొదటి దెబ్బకే కళ్లు మూసుకుంటుందనుకున్నాను. రెప్ప వేయలేదు.

మూడో రౌండ్‌లో నేను దెబ్బల్ని వదిలేసి పాదాల్ని చూడటం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది. ఫర్హాన్ కొడుతున్నవాటిలో చాలావరకు దానియేలు చేతి తొడుగుల మీదో, వంచిన నుదుటి మీదో పడి జారిపోతున్నాయి. ఒక్కోసారి అర అడుగు పక్కకు, అంతే. తిరగడానికి ఫర్హాన్‌కు ఉన్న చోటు తగ్గిపోతోంది. నాలుగో రౌండ్ సగానికి అతని వీపు తాళ్లకు తగిలింది. దానియేలు పక్కటెముకల కింద కొడుతూనే ఉన్నాడు. తర్వాత ఒక కుడిచేతి దెబ్బ చెంప మీద పడింది. ఫర్హాన్ మోకాళ్లు సడలాయి. చేతులు నడుము దాకా జారాయి. తల పూర్తిగా తెరిచి ఉంది.

"ముగించు" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఆ జాగాలో ఏ బాక్సరైనా కొట్టేది తలకే. దానియేలు చేయి ఎత్తి ఆగిపోయాడు. ఒక అడుగు వెనక్కి వేసి రిఫరీ వైపు చూశాడు. రిఫరీ ఫర్హాన్ కళ్లలోకి చూసి, ఆట కొనసాగించమని చేయి ఊపాడు. దానియేలు మూలలో వెంకన్న సార్ తల పట్టుకోవడం కనిపించింది. అలా ఎదుటివాడికి వదిలేసిన క్షణంలోనే పోటీలు చేజారిపోతాయి. ఫర్హాన్ నిజంగానే ఊపిరి తీసుకుని, ఒక పెద్ద దెబ్బ విసిరాడు. అది దానియేలు చెవి పక్క నుంచి పోయింది. దానియేలు కిందికి వంగి, ఎడమచేత్తో కుడి డొక్కలో ఒకే ఒక్కటి కొట్టాడు.

చప్పుడు పెద్దగా రాలేదు. ఫర్హాన్ మోకాలి మీద కూర్చుండిపోయాడు, ఊపిరి అందలేదు. రిఫరీ లెక్కపెట్టడం పూర్తయ్యేదాకా లేవలేకపోయాడు. కానీ కళ్లు స్పష్టంగా ఉన్నాయి. దానియేలు వెళ్లి అతని పక్కనే మోకరిల్లాడు.

దుస్తులు మార్చుకునే గదిలో కరుణ అతని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. "మొన్న గురువారం ఏం కూర?"

"సొరకాయ."

"ఎవరొచ్చారు ఆ రోజు?"

"మీ పెద్దమ్మ కొడుకు. ఉప్పు తక్కువన్నాడు."

జ్ఞాపకం సరిగ్గా ఉందో లేదో చూడటానికి ప్రతి పోటీ తర్వాతా ఇలా అడుగుతానని ఆమె నాతో చెప్పింది. ఏ రోజు తడబడితే ఆ రోజుతో ఆట మానేస్తానని అతను ఒప్పుకున్నాడట. తర్వాత అతని నుదుటి మీద ఐసు పెడుతూ, "నేననుకున్నంత తినలేదు దెబ్బలు" అంది. 

బయట వెంకన్న సార్ ఇంకా కోపంగానే ఉన్నారు. "ఎందుకు ఆగినవ్‌రా?"

"వాడి కళ్లు నన్ను సూడట్లేదు సార్. కనపడనోణ్ణి కొట్టడం దేనికి? కడుపుకైతే తెలుస్తది గదా అని."

ఢిల్లీ మాటేమిటని రాజశేఖర్‌ను అడిగాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ, "ఇప్పుడే మాట్లాడిన. ఈ పోటీ వీడియో సూసిన్రట. వాళ్ల పిలగాన్ని దానియేలు మీదికి దించేది లేదన్నరు. ఓడిపోతే పిలుస్తలేరు, గెలిస్తే దగ్గరికి రానిస్తలేరు. నేనేం చేయాలె?" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. తక్కువ పేరు, ఎక్కువ ప్రమాదం. అలాంటివాడితో ఆడి ఎవరికీ లాభం లేదు. దానియేలు ఆ మాట విని తలూపి, రేపు మొదటి షిఫ్టు ఉందని భార్యతో కోదాడ బస్సు వైపు నడిచాడు.

మూడు దాటాక మిర్యాలగూడ స్టేషన్‌లో సికింద్రాబాద్ రైలెక్కాను. జనరల్ పెట్టెలో కిటికీ దగ్గర, డొక్క పట్టుకుని ఫర్హాన్ కూర్చుని ఉన్నాడు. అతని మనుషులు కారులో వెళ్లిపోయారట. గతుకులకు నొప్పి పుడుతుందని తను రైలెక్కాడట. ఎదురుగా కూర్చున్నాను. నల్లగొండలో టీ తీసుకుని ఒకటి అతనికిచ్చాను.

"మళ్లీ ఆడతావా అతనితో?"

"మావాళ్లు వద్దంటున్నరు. ఆయన పేరే తియ్యొద్దన్నరు." టీ ఊదుకుంటూ ఆగాడు. "నేను ఆడత సార్. ఇంకొకలతోని గెలిచి ఏం నేర్చుకుంట? ఆరు నెలలు ఆగి, నేనే అడుగుత."

ఒక వెల్టర్‌వెయిట్ భవిష్యత్తు పతకాల్లోనో పట్టికల్లోనో ఉంటుందని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. దానియేలుది ప్రస్తుతానికి ఈ ఒక్క కుర్రాడి నోటిమాటలో ఉంది. చాలా తక్కువే. నిన్న పొద్దున మాత్రం ఈ మాత్రం కూడా లేదు.

సికింద్రాబాద్‌లో అతను లేవడానికి ఇబ్బందిపడుతుంటే సంచి నేను అందుకున్నాను. నేను పోటీల గురించి రాస్తానని ఎవరో చెప్పారట. ప్లాట్‌ఫాం మీద నడుస్తూ అన్నాడు:

"ఆయన గురించి రాస్తె, దెబ్బలు తింటడని రాయకండి సార్."

"ఏమని రాయను?"

నాలుగడుగులు ఆలోచించాడు. "మీదికొస్తడని రాయండి. సూసుకుంట వస్తడని రాయండి."