తోడు పత్యం

నా పళ్లకు తీగలు వేయించుకున్న ఏడాదే మా బాపు నోరు మూతపడుతూ వచ్చింది. ఒకే పొయ్యి మీద ఉడికిన మెత్తటి తిండి ఇద్దరమూ తిన్నాం. నేను పళ్లు నొచ్చి తిన్నాను. ఆయన వేరే ఏదీ తినలేక తిన్నాడు. ఆ సంగతి మాకు తెలిసేసరికి చేయి దాటిపోయింది. బాపు పోయి రెండేళ్లవుతోంది. ఇప్పటికీ గిన్నెలో జొన్నరవ్వ ఉడికించిన గట్క కనిపిస్తే నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు తరువాత వస్తుంది.

మాది మహారాష్ట్ర సరిహద్దులో ఇస్లాపూర్ దగ్గరి పల్లె. నేను ఐదో తరగతిలో ఉండగా నాందేడ్ వచ్చేశాం. బాపు, అంటే నాన్న, రైల్వే స్టేషన్ ముందు ఆటో నడిపేవాడు. నా పై పళ్లు ఎత్తు, అచ్చం బాపు పళ్లే. బడిలో పిల్లలు నన్ను ఏమని పిలిచేవారో ఇక్కడ రాయను. ఆ పేరు తలుచుకుంటే ఈనాటికీ ఒళ్లు మండుతుంది. చదువు అయిపోయి ఒక మందుల దుకాణంలో పనికి కుదిరిన నెలలోనే బాపు ఆ మాట ఎత్తాడు.

"ముందుగాల పండ్లు సక్కగ చేయించుకో బిడ్డా. నా పండ్లే నీకచ్చినయ్. నిన్ను జూసినప్పుడల్ల నాకు మంచిగనిపియ్యదు."

"నీకు మంచిగ లేవా మరి? నువ్వు గూడ చేయించుకో," అన్నాను.

"నాకేంది, ముసలోణ్ని. ఆటోకు పండ్లతోటి పనేముంది?" అని నవ్వాడు. అప్పటికి ఇంకా నోరారా నవ్వేవాడు.

పళ్ల డాక్టరు మరాఠాయన, మంచివాడు. తీగలు బిగించి, "కడక్ కాహీ ఖావూ నకా" అన్నాడు. గట్టివేవీ తినవద్దని. జొన్న రొట్టె, పల్లీలు, చెరకు, మక్క కంకి, జామకాయ, అన్నీ బంద్. మా ఇంట్లో జొన్న రొట్టె లేకపోతే అది భోజనమే కాదు. ఆ రోజు సాయంత్రానికి పళ్లన్నీ వదులై ఊగుతున్నట్టు, పెదవి తగిలినా ప్రాణం పోతున్నట్టు ఉంది. అమ్మ పెసరపప్పు, బియ్యం కలిపి మెత్తగా కిచిడీ వండింది. నేను చెంచాతో నాలుక మీద పెట్టుకుని, నమలకుండా మింగాను. బాపు తన పళ్లెం పక్కకు జరిపాడు.

"నాకు గూడ గదే పెట్టు," అన్నాడు అమ్మతో. "బిడ్డకు తోడు నేనుంట."

ఇక్కడ మా దిక్కు పద్ధతి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఎవరైనా పత్యం ఉంటే, వాళ్ల నోరు ఊరకుండా, ఒంటరిగా అనిపించకుండా, ఇంకొకరు వాళ్లతో పాటు ఆ పత్యమే తినాలి. మా తమ్ముడికి కామెర్లు అయినప్పుడు నాయనమ్మ వాడితో సమానంగా ఉప్పూ నూనే లేని కూడు తిన్నది. అమ్మ బాలింతగా ఉన్నప్పుడు మేనత్త తోడున్నదట. అలా తోడు కూర్చున్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు. ఎందుకు తినవు, ఎందుకు చిక్కిపోయావు అనరు. అడిగితే తప్పు. మెచ్చుకోవాలి, అంతే. మేమూ మెచ్చుకున్నాం. ఇరుగుపొరుగుకు చెప్పుకున్నాం. నేనైతే దుకాణంలో అందరికీ చెప్పి మురిసిపోయాను.

అమ్మ రోజుకొకటి చేసేది. పొద్దున రవ్వ జావ. మధ్యాహ్నం జొన్న గట్కలో మజ్జిగ. ఒకనాడు సగ్గుబియ్యంతో సాబుదానా, ఒకనాడు గుమ్మడికాయ ఉడకబెట్టి మెదిపి బెల్లం వేసినది. రొట్టె తినాలని నేను మారాం చేస్తే, వేడి రొట్టెను తుంచి పాలలో గంటసేపు నానబెట్టి పెట్టేది. శనగపిండి పిఠ్లా పలుచగా చేసేది. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని చెంచాలతో తినేవాళ్లం. తమ్ముడు మమ్మల్ని చూసి "ఇద్దరు పసిపోరగాండ్లు" అని ఆటపట్టించేవాడు.

నెల తిరగకముందే బాపు కారం తగ్గించమన్నాడు. "బిడ్డ నోట్లె పుండ్లయితయ్ కదా," అన్నాడు. తీగలు గీరి నా పెదవి లోపల పుండ్లు అయిన మాట నిజమే. డాక్టరు మాత్రం కారం వద్దని ఎన్నడూ అనలేదు. అది నాకు తెలుసు. తెలిసీ, నా మీద ప్రేమ అనుకున్నాను. తరువాత ఆయన పెద్ద చెంచా వదిలేసి, తమ్ముడికి చిన్నప్పుడు మందు పట్టిన చెంచా పట్టుకున్నాడు. నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టాడు. నా పళ్లు సక్కబడుతుంటే తన ఎత్తుపళ్లకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను. ఎంత తెలివి నాది!

ఒకరోజు నన్నే మందు అడిగాడు. "నోరు పూసింది బిడ్డా, మీ దుకాన్ల ఏమన్న ఉంటే తే."

రాసుకునే మందు ఒకటి, బలం గోలీలు కొన్ని తెచ్చి ఇచ్చాను. నోరు తెరువు, చూస్తాను అని అనలేదు. దుకాణానికి వచ్చే ముక్కూ మొహం తెలియని వాళ్లను ఎన్ని రోజుల నుంచి అని అడిగేదాన్ని. బాపును అడగలేదు. ఆటో స్టాండులో మనుషులంతా వక్క, తంబాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో రుద్దిన ఖర్ర దవడన పెట్టుకుంటారు. బాపు ఇరవై ఏళ్లు పెట్టుకున్నాడు. అదీ తెలుసు. ప్రతి నెలా నన్ను తన ఆటోలోనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేవాడు. లోపల నేను నోరంతా తెరుచుకుని లైటు కింద పడుకునేదాన్ని. బయట బెంచీ మీద ఆయన నోరు మూసుకుని కూర్చునేవాడు. నడుమ ఒక తలుపే ఉండేది. ఆ తలుపు తలుచుకుంటే నన్ను నేను క్షమించుకోలేను.

ఎనిమిదో నెలకు నాకు నొప్పులు తగ్గాయి. అన్నం, కూరలు, మెత్తటి చపాతీ తినసాగాను. బాపు మాత్రం జావ దగ్గరే ఉన్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మ నవ్వుతూనే అడిగింది.

"బిడ్డ పత్యం ఇడిసింది. నీదింక ఇడుస్తలేదేంది?"

"అలవాటైంది," అన్నాడు.

"అలవాటేంది? జర గీ చపాతీ తిను."

బాపు చపాతీ తుంచాడు. గోరంత ముక్క. దాన్ని పళ్ల సందులోంచి వేలితో లోపలికి తోశాడు. అమ్మకు, తమ్ముడికి, నాకు ఒక్కసారే అర్థమైంది. నేను లేచి ఫోన్ లైటు పట్టి "నోరు తెరువు బాపూ" అన్నాను. ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. ఆ కొంచెం సందులోంచే దవడ లోపల పుండు కనిపించింది. తోడున్న వాళ్లను అడగవద్దన్న పద్ధతిని ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను. అమ్మ చెవులు మూసుకుంది.

"ఎప్పటి సంది?" అని అడిగితే, "నీ తీగల కంటె ముందుగాల్నుంచి," అన్నాడు. "నీదైనంక నాది జూపిద్దామనుకున్న."

మరునాడే దవాఖానకు పోయాం. అక్కడి నుంచి పెద్ద ఊరి దవాఖానకు. నోటి క్యాన్సర్ ముదిరింది, కోత పెట్టడానికి వీలు లేదన్నారు. కరెంటు పెట్టించాం, మందు ఎక్కించాం. చివరకు ముక్కులో గొట్టం వేసి ఇంటికి పంపారు. అమ్మ జావ కాచి, పాత చీర గుడ్డలో వడపోసి, గొట్టంలో పోసేది. పలుకు ఒక్కటి ఉన్నా గొట్టం పట్టేస్తుంది.

ఇప్పుడు తోడు నా వంతు. నేను మళ్లీ అన్నం మానేసి, ఆయనకు పోసిన పలుచటి జావే ఒక గిన్నెలో పోసుకుని ఆయన మంచం పక్కన తాగాను. రెండు రోజులు చూసి ఊరుకున్నాడు. మూడోనాడు నా చేతిలోంచి గిన్నె తీసుకుని కింద పెట్టాడు. పళ్ల సందుల నుంచి మాట వచ్చేది, చెవి దగ్గర పెట్టి వినాలి.

"రొట్టె," అన్నాడు.

తనకేమో అనుకుని అమ్మ ఏడుపు ఎత్తుకుంది. కాదన్నట్టు చేయి ఊపి నన్ను చూపాడు.

"నువ్ తిను. కడక్ రొట్టె. సప్పుడు ఇంట."

అమ్మ కళ్లు తుడుచుకుని జొన్న రొట్టె కొట్టింది. పెంక మీద కాల్చి, నిప్పుల పక్కన నిలబెట్టి, అప్పడమయ్యేదాకా ఎండబెట్టింది. నా తీగల సంగతి ఆమెకు ఆ గడియన గుర్తు లేదు. నాకు ఉంది. పళ్లెంలో రొట్టె, పచ్చి ఉల్లిగడ్డ, పల్లీల కారం పెట్టుకుని ఆయన తలాపున కూర్చున్నాను. మొదటి ముక్క కొరికితే ఫటుక్కుమంది. బాపు కళ్లు మూసుకున్నాడు. ముఖం అంత తేటగా నేను చూసి చాలా నెలలైంది. రెండో ముక్క కొరికాను. మూడో ముక్కకు కింది పన్ను మీది క్లిప్పు ఊడి, తీగ కొస వచ్చి బుగ్గలో దిగింది. నోరంతా ఉప్పగా అయింది. నమలడం ఆపితే ఆయన కళ్లు తెరుస్తాడు. ఆపలేదు. రొట్టె అంతా అయ్యేదాకా, పెదవులు మూసుకుని, రక్తంతో పాటే మింగుతూ నమిలాను.

చివరి ముక్క అయ్యాక కళ్లు తెరిచి నా దవడ వైపు వేలు చూపించి, నొప్పి ఉందా అని కళ్లతో అడిగాడు.

"ఏం లేదు బాపూ," అన్నాను.

ఆయన నమ్మాడు.