తుడవకుండా తెచ్చిన కప్పు

పాత పింగాణీ కొట్టు యజమానికి ఊళ్లో పెద్ద పేరు. కప్పు తిరగేసి చూస్తే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పేస్తాడని అంటారు. అదంతా వట్టి బడాయి. చూపు అతని వదినది. భర్త పోయినప్పటినుంచి, పదకొండేళ్లుగా ఆవిడ కొట్టు పైన గదిలో ఉంటూ, వెనక తొట్టి దగ్గర సామాన్లు కడిగే మనిషిగా చెలామణీ అవుతోంది.

ఎవరైనా అమ్మడానికి ఏదైనా తెస్తే మరిది, "దుమ్ము పట్టిందండీ, ఒక్కసారి కడిగిస్తాను" అని లోపలికి పంపుతాడు. ఆవిడ కడుగుతూనే అడుగు అంచును బొటనవేలితో తడుముతుంది. వెలుతురుకెత్తి, అవతల తన వేళ్ల నీడ కనిపిస్తుందేమో చూస్తుంది. గోటితో మీటుతుంది. అతుకు ఉంటే జలుబు చేసిన గొంతులా పలుకుతుంది. అడుగున ముద్రను మాత్రం చివర్లో చూస్తుంది, ముద్ర ఎవడైనా వేయగలడు కనుక. సరుకు అసలుదైతే పొడిగుడ్డతో తుడిచి తెస్తుంది. నకిలీదైతే నీళ్లు కారుతుండగానే తెచ్చి పెడుతుంది. తుడిచింది కనబడగానే మరిది మొహం వేలాడేసి, "ఇందులో ఏముందండీ" అంటూ చవగ్గా కొట్టేస్తాడు.

వేలం సంస్థలో ఉద్యోగానికి, తనకు అనుభవం ఉందని ఒక్క ఉత్తరం రాసిమ్మని ఆవిడ ఒకసారి అడిగింది. "రాస్తాలే వదినా. పదకొండేళ్లు గిన్నెలు కడిగిందని రాయనా?" అని మరిది నవ్వాడు. ఆవిడకు ఒళ్లు మండింది. కానీ పై గది అతనిది, ఆవిడకు ఇంకో గది లేదు.

ఒకరోజు సోడాబుడ్డి కళ్లద్దాల నర్సు ఒకావిడ, కంటి ఆపరేషనుకు డబ్బు తక్కువైందని నీలం తీగ గీసిన కప్పు తెచ్చింది. తొట్టిలో వదిన వేలు ఆగిపోయింది. తీగ చివర, కుంచె ఆగినచోట, రంగు చిక్కబడింది. అచ్చు కాదు, చేత్తో గీసింది. ఇలాంటిది ఆవిడ చేతికి ఎన్నడూ రాలేదు. దీనితో ఆపరేషనేమిటి, ఇల్లే కొనుక్కోవచ్చు. మరిదికి తెలిస్తే మాత్రం ఆ నర్సు చేతిలో చిల్లర పెట్టి పంపేస్తాడు.

ఆవిడ కప్పు తుడవలేదు. నకిలీ అనుకుని మరిది వదిలేస్తే, నర్సు ఇంకెక్కడైనా చూపించుకుంటుందని ఆశపడింది.

"డజన్ల లెక్కన దొరికే సరుకండీ ఇది" అన్నాడు మరిది.

"అయితే మోసుకెళ్లి ఏం చేసుకోను? మీరే ఎక్కడో పడేయండి" అని నర్సు కప్పు బల్లమీద వదిలేసి వెళ్లిపోయింది.

వదిన కప్పు పట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. "అమ్మా, తీసుకెళ్లండి. ఇంకెవరికైనా చూపించండి."

"అన్నీ తెలిసిన ఆయనే చెప్పారు కదమ్మా. కడిగేదానివి, నీకేం తెలుస్తుంది?" అంది నర్సు, జాలిగానే.

గడపలో మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఏంటి వదినా?"

"ఏం లేదు. మరిచిపోయారేమోనని." నోటిదాకా వచ్చిన నిజాన్ని ఆవిడ మింగేసింది. నర్సు పేరైనా అడగలేకపోయింది.

"గట్టిగానే ఉన్నట్టుందే. రేపట్నుంచి నా టీ దీంట్లోనే పొయ్యి" అన్నాడు మరిది.

ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు ఆ కప్పు బల్లమీద ఠక్కుమంటుంది. అప్పుడల్లా తొట్టి దగ్గర ఆవిడ, పగిలిందేమోనని చెవి ఒగ్గి వింటుంది. నిజం చెబితే కప్పు మరిది పాలవుతుంది, చెప్పకపోతే ఏదో ఒకరోజు పగులుతుంది. రోజూ దాన్ని పసిపిల్లలా కడుగుతుంది. పొడిగుడ్డ భుజం మీదే ఉంటుంది. అయినా తడిగానే తెచ్చి పెడుతుంది.