బతికే ఉన్నానని కోర్టుకు రాసిచ్చిన కాగితం

మా మోటారు వైండింగు షాపులో కరెంటు మీటరు మీదున్న దేవుడి పటం ముట్టుకుని చెప్తున్నా, ఇందులో ప్రతి మాటా నిజం. నా మాట నమ్మనివాళ్ళు నరసరావుపేటలో చానామంది ఉన్నారు గనక రెండు చేతులతోనూ ముట్టుకున్నా.

క్రెడిట్ కార్డు గీకి రాగితీగ కొన్నాను. ఆ ఏడు వానలు వదలకుండా పడ్డాయి. బోర్లు ఆడించినవాడు లేడు, మోటార్లు కాలింది లేదు, నాకు పనీ లేదు. కట్టడం మానేశాను. బ్యాంకువాళ్ళు ఫోన్లు చేసి చేసి ఆపేశారు. మర్చిపోయారులే అనుకున్నా. నాకు కార్డున్న సంగతే ఇంట్లో మా ఆవిడకి తెలీదు.

ఒకరోజు కోర్టు అమీనా నా పేరున సమన్లు పట్టుకుని మా బజారుకొచ్చాడు. మా బజారుకో పద్ధతుంది. కోర్టు కాగితం ఎవరి పేరున వచ్చినా అందరిదీ ఒకటే మాట, ఊళ్ళో లేడని. కాగితం చేతికందకపోతే కేసే లేదని మా నమ్మకం. పక్క షాపులో బట్టలు కుట్టే సాయిబుని నేను మామా అంటాను. ఆయన మిషను ఆపకుండానే, నా వంక చూడకుండానే, "మాచర్ల పోయాడండీ" అన్నాడు.

ఆ మనిషిని నేనేనని తెలీని అమీనా నా వైపు తిరిగాడు. "ఎప్పుడొస్తాడు?"

అక్కడితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

"ఇంకేం వస్తాడండీ, చచ్చిపోతే!" అన్నా. "గురజాల దగ్గర బోర్లోంచి మోటారు లాగుతుంటే కరెంటు కొట్టింది. మంచోడు పాపం. చేతిలో పనున్నోడు."

అమీనా అయ్యో అని, సమన్ల వెనక ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

"ఒరేయ్, నేను పంపిన ఊరికి బస్సుంది. నువ్వు పోయిన చోటినించి ఎట్టా వస్తావురా?" అన్నాడు మామ. నేను సాయంత్రం దాకా నవ్వుతూనే ఉన్నా.

నాలుగు నెలలకి ఇంటికి నోటీసొచ్చింది, మా ఆవిడ పేరున. మధ్యాహ్నం అన్నానికి కూర్చుంటే కంచం పక్కన ఆ కాగితం పెట్టింది. చనిపోయిన ఫలానా ఆయన భార్యట, వారసురాలట, బాకీ కేసులో ఇక మీదట ఆమె ప్రతివాదట. నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. కరెంటు కొట్టి పోయినోడికి ఇట్టాగే ఉంటుందేమో.

"బాకీ దాచావు, సరే," అంది. "నేను బతికుండగా నీ చావు నీ నోటితోనే ఎట్టా చెప్పావయ్యా?"

"సరదాకి అన్నానే" అన్నా. అంతే. ఆ రోజు నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, మాట లేదు. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెరగను.

వకీలు దగ్గరికి పోతే, బతికున్నట్టు అఫిడవిట్ వెయ్యాలన్నాడు. "మీ ఎదురుగానే ఉన్నాగదండీ?" అన్నా. "నువ్వుంటే చాలదయ్యా, కాగితం కావాలి" అన్నాడు.

వాయిదా రోజు ఇద్దరం వెళ్ళాం. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"చనిపోయింది మీరేనా?"

"నేనేనండీ."

"చనిపోయారని అమీనాకి చెప్పిందెవరు?"

"అదీ నేనేనండీ."

ఎవరూ నవ్వలేదు. మూలనున్న అమీనా నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. జడ్జిగారు గట్టిగానే చివాట్లు పెట్టి, లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోమన్నారు. వాయిదాల మీద కట్టడానికి ఒప్పుకున్నా.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మా ఆవిడ నా మోచెయ్యి పొడిచి, "ఈసారి పోయేటప్పుడు ముందు నాకు చెప్పి పో" అని పకపకా నవ్వింది.

ఇదిగో, ఈ ఆటో ముక్క నేను కల్పించింది. మిగతాదంతా జరిగిందే. ఆటోలో ఆమె అటు తిరిగి రోడ్డు చూస్తూ కూర్చుంది. ఇప్పుడు ప్రతి నెలా వాయిదా కట్టి రసీదు ఆమె చేతికిస్తున్నా. తీసుకుని బీరువాలో పెడుతుంది. ఏమన్నా అంటుందేమోనని నేను గుమ్మం దగ్గర కాసేపు నిలబడి షాపుకొస్తా.