డల్సీ వదిన ఎడమ పక్క

డల్సీ మా అన్న ఆంబ్రోస్ భార్య. ఆమె తొలి కాన్పునాటికి న్యూఫౌండ్‌లాండ్‌లోని మా రేవులో ఇరవై గడపలైనా లేవు. ఆసుపత్రికి పడవలో ఒక పగలు పట్టేది. సముద్రం గడ్డకడితే అదీ లేదు. మాకున్నదల్లా మంత్రసాని ఎఫీ అత్త, ఆమె చెక్క గొట్టం.

ఆరో నెల రాగానే అత్త ఆ గొట్టాన్ని వదిన పొట్టమీద ఆనించి చాలాసేపు విన్నది.

"కడుపులో ఇద్దరున్నారమ్మాయ్! ఒక గుండె పరుగెడుతోంది, రెండోది నింపాదిగా నడుస్తోంది."

"ఆ నింపాదివాడు వాళ్ళ నాన్న పోలికే!" అని వదిన పగలబడి నవ్వింది.

వారం తిరక్కుండానే ఒక మధ్యాహ్నం పొగమంచు కిటికీలదాకా కమ్మింది. ఉప్పుచేప వడ్డిస్తూ వదిన ఆగిపోయింది.

"లియా, ఎవరో వెళ్ళిపోయారే."

తలుపు వైపు చూశాను. గడియ వేసే ఉంది.

"ఇంట్లోంచి కాదు," అంది.

అప్పటినుంచి పొట్ట ఎడమ పక్క చల్లగా ఉందనేది. చెయ్యి పెట్టి చూశాను. నిజమే. మే నెలలో స్టీమరు మీద వచ్చిన నర్సు, "ఒక్కటే గుండె, బిడ్డ బాగుంది," అంది. ఎఫీ అత్త కూడా విని, గొట్టం సంచిలో పెట్టేసింది.

జూలైలో వెర్నా పుట్టింది, గట్టిగా ఏడ్చింది. మాయ పడగానే అత్త దాని మీద గభాలున గుడ్డ కప్పింది.

"చూపించత్తా."

"వద్దమ్మా, పచ్చి బాలింతవి."

"నా కడుపులోది నేను చూడకూడదా?"

అత్త గుడ్డ తీసింది. పొరల మధ్య జానెడు బిడ్డ, కాగితంలా అణిగిపోయి ఉంది. వదిన భయపడలేదు. వేళ్ళు లెక్కపెట్టి, "పదీ ఉన్నాయి," అంది.

జ్ఞానస్నానం లేని బిడ్డకు శ్మశానంలో చోటివ్వరు. ఆంబ్రోస్ చిన్న పెట్టె చేసి, మా పెరటి కంచె అవతల పాతిపెట్టాడు.

వెర్నా కుడి రొమ్మే తాగేది. ఎడమది మాత్రం తన వేళకు తాను పాలు చేపేది, ఇంట్లో ఏ ఏడుపూ లేనప్పుడు. వదిన చటుక్కున తలెత్తి ఆలకించేది. గౌను తడిసిపోయేది.

"ఏం వినిపిస్తోంది వదినా?"

"నీకు వినపడదులే."

నాకు వినపడలేదు. కాని ఒడిలో పాలు తాగుతున్న వెర్నా కూడా వదిలేసి, కంచె వైపే తల తిప్పేది.

ఆగస్టు చివర ఒక పొద్దున వదిన వెర్నాను నా చేతికిచ్చి, ఒక్కతే కంచె దాటి వెళ్ళింది. గంట తర్వాత గౌను బొత్తాలు పెట్టుకుంటూ వచ్చింది.

"నిద్రపోయింది," అంది. "టీ పెట్టవే లియా, ఆకలి దంచేస్తోంది."

ఆ తర్వాత ఎడమవైపు పాలు పడలేదు.