ముసలి రాజు ఘట్టం

అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసేసరికి పాయింట్ కుక్ నుంచి ఆఫీసుకు వెళ్లే ట్రాఫిక్‌లో ఉన్నాను. ఏడుస్తున్న నన్ను ఆవిడే ఓదార్చి, "శనివారం సంస్మరణ సర్వీసులో అంకుల్ బుర్రకథలోని ముసలి రాజు ఘట్టం నువ్వే పాడాలమ్మాయ్. ఆయన పక్కన నిలబడిందానివి నువ్వేగా," అన్నారు. సరేనన్నాను. ఏం చూసుకుని అన్నానో!

అడిలైడ్‌లో చదువుకునే రోజుల్లో మాసన్ లేక్స్‌లో అంకుల్ వాళ్లింటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. పక్కింటి గ్రీకు తాతగారు కంచె అవతల నుంచి ట్రాయ్ యుద్ధం కథలు చెబితే, అంకుల్ వాటిని బుర్రకథ కట్టారు. చర్చి పిక్నిక్ అయినా, సొంత గ్యారేజీ అయినా పదిమంది కనబడితే చాలు, తంబురా మీటేవారు. వంతకు మనిషి కావాలి గనక నా చేతికి డక్కీ ఇచ్చారు. చరణం చివర "తందాన తాన" అనడం నా పని.

ఆయన చెప్పే ట్రాయ్‌లో సైనికులు గోంగూర కోసం అల్లాడిపోయేవారు. "గోంగూర లేకుండా పదేళ్ల యుద్ధమేంటమ్మా, అయ్యే పనేనా!" అనేవారు. ఒక్క ముసలి రాజు ఘట్టంలో మాత్రం హాస్యం ఉండేది కాదు. కొడుకును చంపినవాడి గుడారానికే వెళ్లి, శవాన్ని ఇమ్మని అడుగుతాడు రాజు. "ఇక్కడ డక్కీ కొట్టకమ్మా. తండ్రి అడుగుతున్నాడు," అని ముందే చెప్పేవారు.

తీరా చూస్తే, ఆ తండ్రి అడిగిన మాటలే నాకు గుర్తు రాలేదు. పాత వీడియోలు వెతికాను. అమ్మకు పంపడానికి ఫ్రెండ్‌తో తీయించుకున్నవి బోలెడున్నాయి. పట్టుచీర కట్టుకుని నేను, నా డక్కీ, నా తందాన తాన. ఆయన నోరు తెరిచేసరికి వీడియో అయిపోతుంది. అలా తీయమన్నది నేనే. ఒకదాంట్లో ఆయన భుజం కనబడుతుంది.

ఎక్కడైనా రాసిపెట్టారా అని ఆంటీని అడిగాను.

"రాయమంటే, 'మన అమ్మాయికి వచ్చుగా' అని నీ గురించే అనేవారమ్మా," అన్నారు.

సిగ్గుతో చచ్చిపోయాను.

శనివారం అడిలైడ్ వెళ్లి, చర్చి హాల్లో నిలబడి, "కొడుకు పీనుగును కోరవచ్చెనూ కోటలోని ముసలి రాజూ" అని ఎత్తుకున్నాను. తరవాతి చరణం లేదు. "తందాన తాన" అన్నాను. మళ్లీ అదే అన్నాను. ఆంటీ కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నారు. ఇంక నావల్ల కాక దిగి వచ్చేశాను.

ఇక్కడే పుట్టి పెరిగిన అంకుల్ వాళ్లమ్మాయి నా వెనకాలే వచ్చింది.

"అక్కా, డిడ్ హి గెట్ హిమ్ బ్యాక్? ది ఓల్డ్ కింగ్?"

"ఆఁ, ఇచ్చారమ్మా."

"వాట్ డిడ్ హి సే?" అని, వాళ్ల నాన్న మాటల కోసం నా మొహంలోకి చూస్తూ నిలబడింది.